మిషన్లో పెట్టిన నా వేలు

నేను అయిదో తరగతి దాకే చదివినా. పత్రికకి రాయడం ఇదే మొదలు. రాత బాగుండదు, ఏమీ అనుకోవద్దండి.

కన్నడోళ్ల ఊరు మహదేవపురలో ఒక చిన్న కంపెనీలో టీ పెట్టి, ఊడ్చే పని నాది. మా మేడం ఒక మిషను చేస్తా ఉండారు. సూది గుచ్చకుండా, వేలిగోరు చూసి ఒంట్లో రక్తం తక్కువ ఉండాదేమో చెప్తుందది. పోయిన ఆషాడంలో పెట్టుబడి పెట్టే సార్ చూడను వచ్చినాడు. ఆయనా తెలుగాయనే. ఆయన కాదంటే కంపెనీ మూతే.

"మీ వేళ్లు వద్దు, టీ ఇచ్చిన ఈయమ్మ వేలు పెట్టి చూపించండి" అన్నాడు.

"రా అక్కా, నొప్పుండదు" అని మేడం నా వేలు మిషన్లో పెట్టినారు. ఏమీ రాలేదు. ఇంకో వేలు పెట్టినా రాలేదు.

"ఏమమ్మా, మిషను నిద్రపోయిందా?" అని సార్ నవ్వినాడు.

అప్పుడు చూసుకున్నా. గోర్లన్నీ ఎర్రగా గోరింటాకు! ఆ ఎరుపుకే మిషనుకి ఏమీ తెలీలేదు. నా వల్లే అందరి పనీ పోతుందని ఏడుపొచ్చేసింది.

మేడం దాచలేదు. "గోరింటాకు సంగతి మాకు తట్టలేదు సార్. ఆడోళ్లకి పనికి రాకుంటే ఇదెందుకు? కొంచెం టైమివ్వండి, సరిచేస్తాం" అన్నారు.

సార్ నవ్వు ఆపేసినాడు. "ఉన్నదున్నట్టు చెప్పినావు తల్లీ. డబ్బు పెడతా, చెయ్యి" అన్నాడు.

సరిచేసినాక మొదట నాకే చూసినారు. రక్తం తక్కువంట. ఆస్పత్రిలో సూదితో చూసినా అదే వచ్చింది. మాత్రలు మింగుతా ఉండా. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం లేదు. ఆడోళ్లందరికీ ఆ మిషను అందాలని నా ఆశ.

తప్పులుంటే మీ ఇంటిమనిషి అనుకొని మన్నించండి.