తొమ్మిదో నట్టు

షెడ్ల వీధిలో ఆయన్ని అందరూ తీగ మేస్త్రి అంటారు. ఇంజను విప్పితే చాలు, ఊడొచ్చిన ప్రతి లాక్ నట్టునీ అప్పటికప్పుడు ఇనుప తీగకు గుచ్చి గోడకు తగిలిస్తాడు. లాక్ నట్టు నోరు కాస్త నొక్కి ఉంటుంది, అందుకే బోల్టును కరిచి పట్టుకుంటుంది. ఒకసారి విప్పితే ఆ పట్టు పోతుంది. పోయిన సంగతి పైకి కనబడదు, అదే దానితో వచ్చిన తంటా. తీగకెక్కింది మళ్ళీ ఇంజనెక్కకూడదని ఆయన నియమం. చాదస్తం అని నవ్వినవాళ్ళు కూడా తమ బళ్ళు తెచ్చి ఆయన చేతిలోనే పెట్టేవారు.

అలాంటి మనిషికి వియ్యంకుడి కారు వచ్చిపడింది. వియ్యంకుడికి బట్టల షాపు ఉంది, కారు ఆయన తాతగారి నాటిది. పెద్ద వర్క్‌షాపుకి ఇద్దామని వియ్యపురాలు పట్టుబట్టింది. చుట్టరికం వేరు, పనితనం వేరు అని కూడా అంది, అదీ కోడలి ముందే. ఆ కోడలు మేస్త్రి కూతురు. ఆ మాట దానికెంత గుచ్చుకుని ఉంటుందో తండ్రికి ఒకరు చెప్పాలా? తనే బాగుచేస్తానని పంతం పట్టాడు. పనయ్యాక మొదటి ప్రయాణం కొండదారిలో, నడిపేది కూతురే. అల్లుడు స్టీరింగు పట్టుకుంటే పక్కవాళ్ళు దేవుణ్ణి పట్టుకోవాలి మరి.

పిస్టన్ల కింద ఉండే కనెక్టింగ్ రాడ్లకి ఎనిమిది లాక్ నట్లు కావాలి. వాటిలో ఏ ఒక్కటి వదులైనా రాడ్డు ఇంజనుని పొడుచుకుని బయటికొస్తుంది. నమూనాకని తీగ నుంచి ఒక పాతదాన్ని తీసి, కిరోసిన్‌లో కడిగి, బ్రష్షుతో తళతళలాడించి, జేబులో వేసుకుని స్పేర్‌పార్టుల బజారంతా కాళ్ళరిగేలా తిరిగాడు. ఒకడు ఇలాంటివి ఇప్పుడెవరు వాడుతున్నారని నవ్వాడు. ఇంకొకడు మర కలవని నట్టు చేతిలో పెట్టి, గట్టిగా తిప్పితే అదే సర్దుకుంటుందన్నాడు. మేస్త్రి వాణ్ణి కళ్ళతోనే నాలుగు తిట్లు తిట్టి బయటపడ్డాడు. చివరికి మూతపడబోతున్న ఓ దుకాణంలో ముసలి యజమానురాలు అటక మీది డబ్బా దులిపితే ఎనిమిదంటే ఎనిమిదే దొరికాయి.

ఆ సంబరంలో వాటిని నమూనా ఉన్న జేబులోనే పోసుకున్నాడు. షెడ్డుకొచ్చి అన్నిటినీ పళ్ళెంలో ఒంపాడు. తొమ్మిదింటిలోకీ బాగా మాసినదాన్ని పాతదని ఏరి పక్కన పెట్టి, మిగతావి బిగించాడు. వియ్యంకుడు స్టూలు మీద కూర్చుని, గిరాకీ చేతుల్ని గమనించే చూపుతో అంతా చూస్తూనే ఉన్నాడు.

ఇంజను కార్లోకి చేరింది, ఆయిలు పోశారు. కూతురు స్టీరింగు ముందు కూర్చుంది. వియ్యపురాలు దారిలో ఉంది, ఆవిడ వచ్చాకే స్టార్టు చేద్దామనుకున్నారు. ఈలోగా మేస్త్రి ఆ మాసిన నట్టుని తీగకి గుచ్చబోయాడు. ఊరుకోలేని చెయ్యి కదా, బల్ల మీదున్న విడి బోల్టుకి దాన్ని ఎక్కించి తిప్పాడు. కాస్త తిరిగి ఆగిపోయింది. ఎంత తిప్పినా వేళ్ళకి లొంగలేదు.

బోల్టుని కరుస్తోందంటే ఇది కొత్తది. అటక మీద ఏళ్ళ తరబడి మసిపట్టి పాతదానిలా కనిపించింది. తనే కడిగిన సంగతి మరిచాడు, కిరోసిన్‌లో తానమాడిన పాతది కొత్తదానిలా మెరిసి లోపలికి దూరింది.

ఎనిమిదింటిలో అది ఏది? బిగించాక అన్నీ ఒక్కలాగే ఉంటాయి. పోల్చుకోవాలంటే విప్పాలి, విప్పితే మంచిది కూడా చెడిపోతుంది. చేతిలో ఉన్న మంచిది ఒక్కటే, బజారులో ఇంకొకటి లేదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. పాతది కూడా కొన్నాళ్ళు పట్టుకుని ఉండొచ్చు. నిజం చెబితే వియ్యపురాలి నోట్లో పడేది తను కాదు, రోజూ ఆ ఇంట్లో అన్నం తినే కూతురు. అలా అనుకుంటూనే కూతురి వంక చూశాడు. అది అద్దం సర్దుకుంటోంది.

"కీ తిప్పనా నాన్నా? అత్తయ్యగారు వచ్చేలోపు ఒకసారి వినాలనుంది."

"వద్దు. దిగమ్మా."

వియ్యంకుడు లేచి నిలబడ్డాడు. మేస్త్రి తల ఎత్తలేదు.

"బావగారూ, లోపల ఒక పాత నట్టు బిగించేశాను. తప్పు నాదే. అది ఎక్కడుందో కూడా తెలీదు."

వియ్యంకుడు కారు దగ్గరికి వచ్చాడు.

"ఒకటి బిగిస్తూ, వెన్నలా ఎక్కింది చూడండి బావగారూ అన్నారు," అన్నాడు. "మూడో రాడ్డుది. నేను కూర్చున్న వైపు. మిగతావాటికి మీ మణికట్టు మీద నరం తేలింది, దానికి తేలలేదు."

ఆ మాట అన్నట్టు మేస్త్రికి లీలగా గుర్తుంది, ఏ నట్టుకన్నాడో గుర్తులేదు. తన పనితనమే అనుకుని మురిసిపోయాడు, అంతే. వియ్యంకుడి లెక్క తప్పితే ఉన్న ఒక్క మంచిదీ వృథా. అయినా చేసేదేముంది? ఆయిలు దింపి, ఇంజను అడుగున ఆయిలుండే పళ్ళెం ఊడదీసి కారు కింద దూరాడు. ఇస్త్రీ నలగని చొక్కాతో వియ్యంకుడు కూడా పక్కనే నేల మీద పడుకుని లైటు పట్టుకున్నాడు.

పానా వేసి లాగాడు. నట్టు కదిలింది. మేస్త్రి పానా తీసేసి చూపుడు వేలితో తట్టాడు. అది గిర్రున తిరిగి ఆయన అరచేతిలో పడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. కొత్తది ఎక్కిస్తుంటే మణికట్టు నరం తేలింది.

అప్పుడే కారు పక్కన వియ్యపురాలి చెప్పులు కనబడ్డాయి.

"ఇదేంటి, మళ్ళీ విప్పారు? అన్నయ్యగారు ఏం పాడుచేశారు?"

"ఆయన వద్దంటూనే ఉన్నారు," అన్నాడు వియ్యంకుడు కారు కింద నుంచి. "నాకే అనుమానం వచ్చి విప్పించాను. అంతా సరిగ్గానే ఉంది."

ఇక ఆవిడ అందుకుంది. అనుమానపు మనిషని, నలుగురి పనికీ అడ్డం పడతారని, ఆ చొక్కా ఎవరు ఉతుకుతారని మొగుణ్ణి కడిగేసింది. ఆయన లైటు కదలకుండా పట్టుకుని అన్నీ విన్నాడు. పని అయిపోయినా మేస్త్రి కారు కిందే ఉండిపోయాడు. ఆ మనిషి మొహంలోకి ఎలా చూడాలో ఆయనకి తెలియలేదు.