కొబ్బరినూనె గారెలూ, పచ్చికట్టెల నిందా

ఇప్పుడంటే కొబ్బరినూనెను అందమైన గాజుసీసాలో పోసి, దాని మెడకు పీచుతాడు కట్టి, 'వంటకు శ్రేష్ఠం' అని అచ్చువేసి అమ్ముతుంటే జనం కళ్ళకద్దుకుని కొనుక్కుంటున్నారు గానీ, తొంభైల చివర్లో మా కోనసీమలో కొబ్బరినూనెతో వంట అన్నవాళ్ళను జాలిగా, కాస్త భయంగా చూసేవారు. ఆ మాట అన్నదాన్ని నేనే కాబట్టి ఆ చూపు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. గుమ్మం దాటి ఎటు అడుగేసినా కొబ్బరిచెట్టే కదా! మట్టలతో దడి, ఈనెలతో చీపురు, పీచుతో తాడు, కాయ వలిచిన డొక్కలతో పొయ్యి, చిప్పతో గరిట. కాయేమో పచ్చడిలోకీ, కూరలోకీ, లౌజులోకీ. ఇన్ని పనికొచ్చిన చెట్టు నుంచి వచ్చిన నూనె మాత్రం తలకేనట! వంటకు ఎక్కడో పండిన పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్లలో కూర్చుని లారీ ఎక్కి రావాలి. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. "తలకి రాసుకునేది నోట్లో ఎలా పెట్టుకుంటామే?" అనేది అమ్మ. "పెరుగూ నిమ్మకాయా కూడా తలకి పట్టిస్తావుగా, అవి తినడం మానేశామా?" అనేదాన్ని నేను. వాదనలో ఎప్పుడూ నేనే గెలిచేదాన్ని. వంటింట్లో మాత్రం అమ్మే గెలిచేది.

అప్పటికి నేను రాజమండ్రిలో హోమ్ సైన్స్ డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో కూర్చున్నాను. వైజాగ్‌లో ఎమ్మెస్సీ సీటొచ్చింది. ఆ ఏడు ఎందుకో అడ్మిషన్లు ఆలస్యమై కార్తీకమాసం దాకా సాగాయి. మా ఇంట్లో సంతకం నాన్నది, నిర్ణయం పెదనాన్నది. (నాన్న సంతకం చాలా అందంగా ఉండేది. నిర్ణయాలతో పని లేదు కాబట్టి ఆయన దాని మీదే శ్రద్ధ పెట్టారు.) పెదనాన్న కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "వంట నేర్చుకోడానికి మూడేళ్ళు రాజమండ్రి చాల్లేదా అమ్మా? ఇంకో రెండేళ్ళు వైజాగా? మీ మామ్మ ఏ కాలేజీలో చదివిందీ?" అన్నారు. ఇది వంట కాదండీ, శాస్త్రమండీ అని నేను గొంతు చించుకున్నాను. పక్కనే మా బాబాయి ఉన్నాడు. ఊళ్ళో ఎవరింట్లో ఏం జరిగినా మిగతా ఇళ్ళకు చేరవేస్తాడని మేము ఆయన్ని వార్తల బాబాయి అనేవాళ్ళం. "శాస్త్రమైతే చేసి చూపించమనండి అన్నయ్యా" అని ఆయన ఒక పుల్ల వేశాడు. పెదనాన్నకు ఆ మాట నచ్చింది. "సరే. వచ్చే ఆదివారం వనభోజనాలకి గారెలు నువ్వే వెయ్యి. అరవైమంది తింటారు. బాగున్నాయంటే వైజాగ్ పంపిస్తాను. లేదంటే..." అని ఆపేశారు. ఆ 'లేదంటే' తర్వాత ఏముందో నాకు తెలుసు. వార్తల బాబాయి జేబులో అప్పటికే ఒక పెళ్ళికొడుకు ఫొటో ఉంది.

బుద్ధి ఉన్న ఆడపిల్లయితే అందరిలా పొద్దుతిరుగుడు నూనెలో గారెలు వేసి, సీటు దక్కించుకుని వైజాగ్ బస్సెక్కేది. నాకు అది అవమానంగా తోచింది. గారెలు ఎవరైనా వేస్తారు, ఇక శాస్త్రం ఎక్కడున్నట్టు? అందుకని కొబ్బరినూనెలోనే వేస్తానని ఇంటిల్లిపాదికీ చాటించాను. నా ధైర్యమంతా నా నోటుపుస్తకంలో ఉంది. ప్రతి నూనెకూ ఒక హద్దుంటుంది, ఆ వేడి దాటితే నూనె పొగలు కక్కి, విరిగి, చేదెక్కిపోతుంది, దాన్నే స్మోక్ పాయింట్ అంటారు అని ఎర్రసిరాతో రాసుకున్నాను. కింద పట్టికలో కొబ్బరినూనెకు ఎదురుగా రెండు వందల ముప్ఫై డిగ్రీలు. ఇంకేం కావాలి? రాజమండ్రిలో ల్యాబ్ సామాన్లు అమ్మే షాపుకెళ్ళి, నూనెల్లో ముంచే పొడుగాటి థర్మామీటరు కూడా కొన్నాను. నూనె సంగతి తేలిక. మా తోట కొబ్బరి ఎండబెట్టి ఊళ్ళో గానుగలో ఆడించిన డబ్బా ఇంట్లో ఉంది. "ఏడాది తలనూనె!" అని అమ్మ డబ్బాకు అడ్డం నిలబడింది. "కాయలు మనయ్యే, నూనె మనదే, చూద్దాం పోనియ్యవే" అని మామ్మ ఇప్పించింది.

వనభోజనాలు కడియంలో, మా పెద్దమ్మ పుట్టింటివాళ్ళ నర్సరీలో. కుండీల వరుసల వెనకాల మామిడిచెట్లూ, వాటి మధ్య ఒక ఉసిరిచెట్టూ ఉన్నాయి. ఉసిరిచెట్టు కింద పెదనాన్న పట్టుపంచె కట్టుకుని పూజకు కూర్చున్నారు. ఇటు మామిళ్ళ కింద ఇటుకల పొయ్యి మీద పెద్ద ఇనప మూకుడు పెట్టి, డబ్బాలో సగం నూనె పోసి, నోటుపుస్తకం ఒక చేత్తో, థర్మామీటరు ఒక చేత్తో పట్టుకుని నేను నిలబడ్డాను. పొయ్యి చూసుకోడానికి నర్సరీలో పనిచేసే పెద్దాయన ఒకాయన వచ్చాడు. కట్టెలు కొట్టడం, పేర్చడం ఆయన పని కాబట్టి పిల్లలందరూ కట్టెల తాత అనేవారు. పాదరసం నూట అరవై దాటి డెబ్బైకి వచ్చేసరికి మూకుడు మీద సన్నగా పొగ లేచింది.

"అమ్మాయిగారూ, నూనె కాగిపోయిందండి. పిండెయ్యండి" అన్నాడు తాత.

"ఆగు తాతా. ఇంకా అరవై డిగ్రీలుంది." వేడి ఎంత ఎక్కువైతే గారె అంత తక్కువ నూనె పీలుస్తుందని నా సిద్ధాంతం. హద్దుకు ఒక్క ఇరవై డిగ్రీలు కింద ఆగుదామని నా పథకం.

"మరి పొగొస్తందండి..."

"అది కట్టెల పొగ. పచ్చికట్టెలు తెచ్చినట్టున్నావు."

"పచ్చియా? రెండు నెల్లు ఎండినియ్యండి!"

"నూనె పొగ అవడానికి వీల్లేదు తాతా, బుక్కులో ఉంది. తడి ఉన్నట్టుంది, మంట పెంచు. ఎండు డొక్కలు వెయ్యి, పొగ పోతుంది."

ఆయన నా వంకా, పుస్తకం వంకా, మూకుడు వంకా చూశాడు. పుస్తకంలో ఉందంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? డొక్కలు వేశాడు. కొబ్బరిడొక్కల మంట ఎలా లేస్తుందో మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. పాదరసం రెండు వందలు దాటింది. సన్నపొగ కాస్తా నీలం పొగ అయింది. నేను మాత్రం చెమటలు కక్కుతూ "చూశావా, కట్టెలు ఇంకా ఆరలేదు" అంటూనే ఉన్నాను. రెండు వందల పది చూశాక అరిటాకు మీద తట్టిన గారెలు ఆరు ఒకేసారి జారవిడిచాను. గరిట అందుకునేలోగా ఆరూ నల్లబడ్డాయి. ఒకదాన్ని విరిస్తే లోపల పచ్చిపిండి. అంతలో గాలి ఉసిరిచెట్టు వైపు తిరిగింది. పొగంతా వెళ్ళి పెదనాన్న కేశవనామాల మీద పడింది. నాలుగో నామం దగ్గర ఆయన దగ్గు మొదలుపెట్టి, మిగిలిన ఇరవై నామాలూ దగ్గులోనే పూర్తిచేశారు. అరవైమందీ గొంతులు పట్టుకుని కుండీల మధ్యకు పరిగెత్తారు. మామ్మ ఒక్కతే పొయ్యి దగ్గరకు వచ్చి, మూకుడు మీద పళ్ళెం బోర్లించి, కింద కట్టెలు బయటికి లాగేసింది.

పెదనాన్న గొంతు సవరించుకుంటూ వచ్చి మాడిన గారెను రెండు వేళ్ళతో పైకెత్తి అందరికీ చూపించారు. "ఇదేనా అమ్మా శాస్త్రం? వైజాగూ లేదు గీజాగూ లేదు. ఇంట్లో కూర్చో." అంతే. వార్తల బాబాయి చెయ్యి జేబులోకి వెళ్ళింది. నన్ను తిట్టారు, సరే, పడతాను. కానీ ఆ వెనకనే నలుగురు పిన్నులూ చేరి "తలనూనెతో వండితే ఇంతే మరి", "కొబ్బరినూనె వంటకి పనికి రాదమ్మా" అని తీర్పులు చెప్పారే, అది మాత్రం భరించలేకపోయాను. మూకుడు తగలెట్టింది నేను, మంట పెట్టించింది నేను, నింద నూనెదా? మామిడిచెట్టు వెనక్కి పోయి ఏడ్చాను. రెండేళ్ళ వైజాగ్ ఆ పొగలో కలిసిపోయిందని ఏడ్చాను. నోటుపుస్తకం తప్పు చెప్పదు కదా, మరి ఎలా జరిగిందని అంతకంటే ఎక్కువ ఏడ్చాను.

మామ్మ వచ్చి జబ్బ పట్టుకుని లేపింది. "ఏడుపు తర్వాతలే. పిండి పులిసిపోద్ది, రా." మాడిన నూనె పారబోయించి, మూకుడు తోమించింది. డబ్బాలో మిగిలిన నూనెను పైపైన తేరుకున్నంతవరకే పల్చటి గుడ్డలో వడకట్టింది, అడుగున మడ్డి ముట్టుకోనివ్వలేదు. రెండంటే రెండు కట్టెలు పెట్టించి, నూనె పొంగకుండా అందులో చిన్న చింతపండు ముక్క వేసి, అది వేగాక తీసేసింది. తర్వాత చిటికెడు పిండి వేయమంది. అది అడుక్కి వెళ్ళి, ఒక్క క్షణం ఆగి, బుడగలతో నిదానంగా పైకి తేలింది. "ఇప్పుడెయ్యి." గారెలు నా చేతే వేయించింది, తను పీట మీద కూర్చుంది. ఆవిడ చూడకుండా నేను థర్మామీటరు ముంచి చూశాను. నూట అరవై అయిదు. మరో వాయికి మళ్ళీ "ఇప్పుడెయ్యి" అన్నప్పుడు మళ్ళీ చూశాను. నూట అరవై ఆరు. నాకెంత కోపం వచ్చిందో! షాపువాడు నాకు అంటగట్టిన ఆ గాజుగొట్టం కంటే మా మామ్మ కళ్ళే నయమైతే, నేను మూడేళ్ళు రాజమండ్రి బస్సుల్లో నిలబడి ఎందుకు తిరిగినట్టు? సన్నపొగ కూడా లేకుండా గారెలు బంగారు రంగుకు తిరిగాయి. కమ్మటి కొబ్బరివాసనకు, తీర్పులు చెప్పిన పిన్నులు ఒక్కొక్కరే పొయ్యి దగ్గరకు చేరారు.

పెదనాన్న భోజనాల్లో మొదటి గారె అనుమానంగా కొరికారు. రెండోది మామూలుగా తిన్నారు. ఆ తర్వాత లెక్కపెట్టడం మర్యాద కాదు. చివరికి చెయ్యి ఆపి, "ఇవెవరు వేశారూ?" అన్నారు.

"నీ తమ్ముడి కూతురే. నేను కూర్చున్నానంతే" అంది మామ్మ.

"మరి పొద్దున్న ఆ పొగేంటమ్మా?"

మామ్మ కూర వడ్డిస్తూ, తల ఎత్తకుండా, "కట్టెలు పచ్చియిరా" అంది.

అది నా అబద్ధం. పొద్దున్న తెలియక అన్నాను. ఇప్పుడు, అవే కట్టెల మీద పొగ లేకుండా గారెలు వేగాక, అది అబద్ధమని నాకూ మామ్మకూ తెలుసు, పొయ్యి పక్కన నిలబడి ఉన్న కట్టెల తాతకు అందరికంటే బాగా తెలుసు. పెదనాన్న అటు తిరిగి, "ఏమయ్యా, ఎండువి తెమ్మంటే పచ్చివి తెస్తావా? పిల్ల చదువు మీదకి వచ్చేది కదా!" అని కేకలేశారు. నోరు తెరవాల్సింది నేను. తెరిస్తే వైజాగ్ పోతుంది. ప్రతి మాటకూ ఎదురు చెప్పే నా నోరు, జీవితంలో మొదటిసారి పెద్దమనిషి తరహాగా మూసుకుంది. తాత నా వంక ఒకసారి చూశాడు. "అవునండి బాబుగారూ. రాత్రి మంచు పడిందండి, చెమ్మెక్కినట్టున్నాయండి" అన్నాడు. పెదనాన్న నెమ్మదించి నా వైపు తిరిగారు. "సరేలే. అమ్మా, నువ్వు వైజాగ్ వెళ్ళు" అన్నారు. వార్తల బాబాయి ఆ ఫొటో ఇంకో ఇంటికి పట్టుకెళ్ళాడు.

వైజాగ్‌లో మొదటి నెలలోనే అసలు సంగతి తెలిసింది. నా పట్టికలో ఉన్న రెండు వందల ముప్ఫై శుద్ధిచేసిన కొబ్బరినూనెదట. గానుగ నూనెకు నూట డెబ్బై అయిదు చుట్టుపక్కలే పొగ లేస్తుందట. మడ్డీ చెమ్మా ఉంటే ఇంకా ముందే. డిగ్రీలో నేను పట్టిక దించుకున్న పుస్తకమే లైబ్రరీలో తీసి చూస్తే, అంకె పక్కన చిన్న చుక్క, పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో 'శుద్ధిచేసినది' అని ఉంది. అంత ముఖ్యమైన మాటను అడుగున దాచినవాళ్ళని ఆ రోజంతా తిట్టుకున్నాను. రాత్రికి, అది చదవకుండా దించుకున్న నన్ను నేనే తిట్టుకున్నాను. సెలవులకు ఇంటికెళ్ళి మామ్మను నిలదీశాను, ఆ రోజు అలా ఎందుకు చెప్పావని. "నువ్వింట్లో ఉంటే ఇంకెన్ని మూకుళ్ళు మాడుస్తావో అని పంపించేశాను" అంది.

మర్నాడే కడియం వెళ్ళాను. కట్టెల తాత మొక్కలు లారీకెక్కిస్తున్నాడు. పొగ నూనెదేననీ, తప్పు నాదేననీ, ఆ రోజు చెప్పలేకపోయాననీ నీళ్ళు నములుతూ చెప్పాను. ఆయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"నాకు తెలీదేంటండీ అమ్మాయిగారూ? కట్టె పొగ కళ్ళకెక్కుద్దండి, నూనె పొగ గొంతుకెక్కుద్దండి. ఆ రోజు అందరూ గొంతే కదండీ పట్టుకున్నారు."

"మరి ఎందుకు ఒప్పుకున్నావు తాతా?"

"కట్టెలకేం పోయిందండీ? చదువు మీది" అని మళ్ళీ మొక్కలెత్తుకున్నాడు.

ఇరవై ఏళ్ళుగా కాలేజీలో నూనెల పాఠం చెబుతున్నాను. ప్రతి ఏడూ మొదటిరోజు బోర్డు మీద డిగ్రీలు వేయను. కట్టె పొగ కళ్ళకు, నూనె పొగ గొంతుకు అని ఆ మాటే చెబుతాను. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు. ప్రతి ఏడూ ఎవరో ఒక అమ్మాయి లేచి "మేడమ్, ఇది ఏ బుక్కులో ఉందండీ?" అని అడుగుతుంది. అన్నీ పుస్తకాల్లోనే ఉంటాయా అని నాకు చర్రున కోపం వస్తుంది. కసురుదామని తల ఎత్తి చూస్తే, ఎర్రసిరా పెన్ను పట్టుకుని, నోటుపుస్తకం గుండెలకు హత్తుకుని నిలబడి ఉంటుంది. ఇక కసరడానికి నోరు రాదు. "కూర్చో అమ్మా" అంటాను.