నూరు శాతం నిండిన పేజీ

2008లో ఆర్మూర్ పాత బస్టాండు దగ్గర నాకో ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. నెట్ అంటే వల అని తెలిసీ మొదట అందులో పడ్డ చేపను నేనే. నన్ను పట్టిన ఎర ఒక పచ్చగీత.

మా గల్లీ అమ్మాయి సుజాత ప్రైవేటు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. పెళ్లిసంబంధాల సైటులో తన ప్రొఫైల్, అంటే వివరాల పేజీ, పెట్టమని వచ్చింది.

"శీనన్నా, మావోళ్లు తెచ్చేటియన్నీ దుబాయి సంబంధాలే. సెలవుల మీద వచ్చి లగ్గం చేసుకొని మళ్ల విమానమెక్కుతరు. నాకు ఈడ ఉండేటోడు గావాలె."

పేరు, చదువు, ఉద్యోగం చెప్పి డ్యూటీకి వెళ్లిపోయింది. ఆ సైటులో వివరాలు నింపేకొద్దీ పైన ఒక పచ్చగీత పెరుగుతుంది. 'మీ ప్రొఫైల్ నలభై శాతమే పూర్తయింది' అని చూపించింది. బడిలో ఏనాడూ నలభై దాటని నాకు రోషం వచ్చింది. ఆమె సెల్ నంబరు, ఇంటి గుర్తులు, దవాఖాన పేరు, డ్యూటీ వేళలు అన్నీ ఎక్కించాను. నా జీవితంలో నూటికి నూరు రావడం అదే మొదలు.

వారం తిరగకముందే ఆమెకు ఫోన్లు మొదలయ్యాయి. పెళ్లి ఊసు లేని ఫోన్లే ఎక్కువ. అలా ఫోన్ చేసినవాళ్లలో ఒకడైతే రోజూ దవాఖాన గేటు దగ్గర నిలబడసాగాడు. సుజాతను వెంటబెట్టుకుని వాళ్లన్న రాజన్న షాపుకొచ్చాడు. ఆమె ఫోను అతని జేబులో ఉంది.

"అంతా తీసెయ్ శీనన్నా. రేపటికెల్లి ఇది నౌకరికి గూడ పోదు."

"ఎందుకు పోను? తప్పు నేను జేసిన్నా?" అని సుజాత నావైపు తిరిగింది. "నా నంబరు బజార్ల ఏలాడదియ్యమని నీకెవరు చెప్పిండ్రు?"

"నూరు శాతం కాలేదని..." గొణిగాను.

"మార్కులు నీకు, ఫోన్లు నాకు. జర లే."

నా కుర్చీలో కూర్చుని నంబరు, ఇంటి గుర్తులు, దవాఖాన, వేళలు ఒక్కొక్కటే చెరిపేసింది. పచ్చగీత కుంచించుకుపోయింది. కింద ఒక మాట చేర్చింది: 'ఆర్మూర్‌లో ఉండేవారే రాయండి. మిగతాది మాట్లాడినాక.'

"పేజీ ఉంటది. నేనెంత చెప్పాల్నో గంతే ఉంటది."

"మరి గేటు కాడ గాడు మళ్లొస్తే?" అన్నాడు రాజన్న.

"గేటు కాడ నువ్వు నిలబడు. నన్నెందుకు ఇంట్ల కూసోబెడ్తవ్?"

రాజన్న జేబులోని ఆమె ఫోను తీసి టేబుల్ మీద పెట్టాడు. మర్నాడు ఆమె డ్యూటీకి వెళ్లింది.

సైటు ఖాళీ గడి చూపిస్తుంది, అది దాని పని. నింపడమో, ఖాళీగా వదలడమో ఆ వివరాలు ఎవరివో వాళ్ల ఇష్టం. ఆ తర్వాత ఎవరొచ్చినా కుర్చీ వాళ్లకిచ్చి నేను పక్కన నిలబడేవాణ్ని.

గేటు దగ్గరి మనిషి నంబరు మాత్రం సుజాత దగ్గర అడిగి తీసుకున్నాను. రోజూ షాపు ఫోన్ నుంచి మర్యాదగా పలకరించేవాణ్ని.

"సార్, సంబంధాల పేజీ గురించి. మీ నాయన పేరు? ఇంటి గుర్తులు? మీ అమ్మ నంబరు?"

"గవన్నీ నీకెందుకురా?"

"మీది నలభై శాతమే అయింది సార్. జర అమ్మ నంబరు చెప్పుండ్రి, నూరైతది."

చివరికి అతను గేటూ వదిలాడు, నంబరూ మార్చుకున్నాడు.