కిటికీలోంచి విసిరిన ఫైలు

నార్కట్‌పల్లిలో హైదరాబాద్ బస్సు ఆగంగనే అందరూ కిటికీల్లోంచి సీట్ల మీదికి రుమాళ్లు, సంచులు విసిరిన్రు. నా దగ్గర రుమాలు లేదు. ఫొటోగ్రఫీ కోర్సు ఇంటర్వ్యూ కోసం ఏడాదంతా తీసిన ఫొటోల ఫైలు ఉంది. అదే విసిరిన. తెలివి ఎక్కువైతే గట్లనే ఉంటది.

నేను లోపలికి దూరేసరికి ఒక అవ్వ దాని మీద కూసున్నది.

"అవ్వా, జర లేస్తవా? నా బతుకంతా నీ కిందనే ఉన్నది."

"నీ బతుకు గింత పల్చగున్నదేంది బిడ్డా?" అనుకుంట ఫైలు బయటికి గుంజింది.

అట్ట నడుమ విరిగింది. లోపల ఫొటోలన్నీ మడత పడ్డయి. ఇంటర్వ్యూ ఆ మధ్యాహ్నమే. నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డ. అవ్వ ఒక్కొక్క ఫొటో తీసి, కొంగుతో తుడిచి, మోకాలి మీద పెట్టుకుని అరచేత్తో సాపు చేసుకుంట కూసున్నది. అట్టడుగున ఎండిపోయిన బత్తాయి తోట ఫొటో వచ్చింది.

"గీ తోట ఎవలది?"

"మాదే."

"బోర్ల నీళ్లు పడలేదా?"

"నీళ్లు పడలే అవ్వా. ఫొటో మంచిగ పడ్డది."

నా జోకులకు నవ్వనోళ్లు కొత్త కాదు. అవ్వ కూడా నవ్వలే. ఆ ఫొటో ఒక్కదాన్ని ఇంకోసారి తుడిచింది.

ఇంటర్వ్యూలో సార్లు మొదటి రెండు ఫొటోలు, వాటి మడతలు చూసి ఫైలు మూసిన్రు. కోర్సులో సీటు రాలేదు. ఫైలు ఇప్పుడు అటక మీదున్నది. తోట ఫొటో దాకా చూసింది మాత్రం ఇప్పటికీ ఆ అవ్వ ఒక్కతే.