ఇద్దరికీ కుడివైపే

మా ఆయన నా స్కూటీ వెనక సీట్లో కూర్చుంటాడన్న సంగతి మా ఊళ్లో ఎవరికీ తెలియకూడదు. ఆయన బైకు ఎప్పుడూ మెకానిక్ దగ్గరే ఉంటుంది కాబట్టి కూర్చోక తప్పదు. మేడ్చల్ నుంచి హైవే మీద అంతదూరం నా భుజం పట్టుకుని కునుకు తీసే మనిషి, మా ఊరికి తిరిగే అత్వెల్లి మలుపు కనబడగానే "జర ఆపు" అంటాడు. దిగి, షర్టు సర్దుకుని, నన్ను వెనక్కి జరగమని హ్యాండిల్ తను అందుకుంటాడు. మలుపులో టీ హోటల్ ఉంది. అక్కడ ఆయన దోస్తులు పొద్దంతా కూర్చుని ఉంటారు. వాళ్ల ముందు భార్య నడిపే బండి మీద వెనక కూర్చుని వస్తే ఇజ్జత్ పోతుందట.

నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. తూంకుంటలో కొత్తగా లేచిన కాలనీల ఆడవాళ్లకు నా కుట్టు నచ్చింది. కొలతలు తీసుకురావడానికి, కుట్టినవి ఇచ్చి రావడానికి ఒకప్పుడు మేడ్చల్‌లో ఒక ఆటో, శామీర్‌పేటలో ఒక ఆటో మారేదాన్ని. లేదంటే ఈయన్ను బతిమాలాలి. ఈయన "పోదాం తియ్" అంటూ పొద్దు గుంకించేవాడు. స్కూటీ నేర్చుకున్నాక ఎవర్నీ అడిగే పని లేకుండా పోయింది. అందుకే ఆ బండంటే నాకు ప్రాణం.

ఆ రోజు తూంకుంట నుంచి వస్తూ శామీర్‌పేట దాటాం. ముందు ఒక బర్రె రోడ్డు దాటుతోంది. నేను దూరం నుంచే చూసి వేగం తగ్గించాను. వెనకున్నాయనకు అప్పుడే మెలకువ వచ్చింది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా బర్రె. నా చంక పక్కనుంచి కుడిచేయి చాచి, నా వేళ్ల మీదుగానే ముందు బ్రేకు గట్టిగా నొక్కేశాడు. బండి కుడివైపుకు పడింది. నేను అరచేయి కింద ఆనించాను. ఆయన నేరుగా భుజం మీద పడ్డాడు. బర్రె ఆగి మమ్మల్ని ఒకసారి చూసి తన దారిన తను పోయింది.

దవాఖానకు పోయే ఆటోలో ఆయన బాధంతా ఇజ్జత్ గురించే.

"నేను ఎన్కాల కూసున్నట్టు ఎవ్వలకు చెప్పకు. నీకు దండం పెడ్త" అన్నాడు.

దండం పెట్టడానికి కుడిచేయి లేవలేదు. సగం దండమే పెట్టాడు. జాలేసి మాటిచ్చాను.

నా మణికట్టు దగ్గర బొటనవేలి వైపు ఎముక చిట్లింది. పిండికట్టు వేశారు. ఆయనకు మెడ కింద అడ్డంగా ఉండే కాలర్ బోన్ రెండు ముక్కలైంది. భుజాలు రెండూ వెనక్కి లాగి పట్టీ కట్టారు. దాంతో ఎంత నొప్పిగా ఉన్నా, ఏదో గెలిచి వచ్చినవాడిలా రొమ్ము విరుచుకునే తిరిగేవాడు.

ఇంటికి రాగానే మా అత్త ముందు కథ మొదలుపెట్టాడు.

"ఇది ఒక్కతే నడుపుకుంట వస్తాంది. నేను దోస్తు కోసం రోడ్డు పక్కన నిలబడ్డ. బర్రె అడ్డమొచ్చి పడ్డది. లేపుదామని ఉరికి నేనూ పడ్డ."

చూడటానికి వచ్చినవాళ్లు తెచ్చిన బత్తాయిలు తింటూ అదే కథ మళ్లీ మళ్లీ చెప్పాడు. చెప్పినప్పుడల్లా బర్రె పెరిగింది. చివరికి అది నన్ను కొమ్ములతో ఎత్తబోతుంటే ఆయన అడ్డం పడ్డదాకా వచ్చింది. వచ్చినవాళ్లంతా ఆయన్ను మెచ్చుకుని, నావైపు తిరిగి "ఈ వయసుల నీకు బండెందుకు బిడ్డా" అన్నారు. అత్త తన కూతురి మొగుణ్ని మనసులో పెట్టుకుని తేల్చేసింది.

"ఆ బండి మన అల్లునికిద్దాం. ఇగ ఇది నడపొద్దు."

ఆయన తల వంచుకున్నాడు తప్ప నోరు విప్పలేదు. అప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. విరిగిన చేయి కంటే ఆ మౌనమే ఎక్కువ నొప్పి పెట్టింది. మాటిచ్చి ఇరుక్కుపోయాను.

అత్తకు మోకాళ్ల నొప్పులు, పొయ్యి దగ్గర నిలబడలేదు. వంటకు మిగిలినవి మా రెండు ఎడమ చేతులే. ఉల్లిగడ్డ ఆయన పట్టుకుంటే నేను కోసేదాన్ని.

"జర సూసి కొయ్యి. నా ఏలున్నది."

"కనబడ్తాంది. నువ్వు కదలకు" అనేదాన్ని, కత్తి కాస్త దగ్గరగా జరిపి.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్లిన రోజు, కోడలు కుట్టుమిషన్ ఎప్పుడు తొక్కుతుందో తెలుసుకోవాలని అత్త కూడా మేడ్చల్‌కు వచ్చింది. డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. మా ఎక్సరేలు రెండూ పక్కపక్కన వెలుతురుకు పెట్టి మా ఆయనతో అంది.

"పడేటప్పుడు ఈమె చెయ్యి ఆనించింది, బరువు మణికట్టు మీద పడింది. మీ చెయ్యి ముందుకు చాచి దేన్నో పట్టుకుని ఉన్నట్టుంది, ఆనించే సందు దొరకలేదు, భుజం మీదే పడ్డారు. ఇద్దరికీ కుడివైపే, మోకాళ్ల గీతలు కూడా కుడివైపే. మీరు బండి వెనక కూర్చున్నారు కదా?"

అత్త కొడుకు వైపు తిరిగింది.

"ఉరికొచ్చి లేపినోనివి, బండెన్క ఎప్పుడెక్కినవ్‌రా?"

"గా బర్రె..."

"బర్రె ముచ్చట బంద్ చెయ్." నావైపు చూసింది. "బ్రేకు ఎవరేసిన్రు?"

"మాటిచ్చిన అత్తా. నేను చెప్ప."

ఆమెకు అది చాలింది. ఇంటికి రాగానే బండి తాళంచెవి తన కొంగున కట్టుకుంది. అల్లుడి మాట మళ్లీ ఎత్తలేదు.

పిండికట్టు తీశాక నా మణికట్టు బిగుసుకుపోయి ఉంది. మెల్లగా తిప్పుతూ ఉండమన్నారు. నేను అప్పడాల కర్ర పట్టుకుని యాక్సిలరేటర్ తిప్పినట్టు తిప్పేదాన్ని. ఆ కర్ర తిరిగినప్పుడల్లా ఆయన మొహం మాడిపోయేది.

చేతికి పట్టు వచ్చాక, బండి నడపొచ్చని నాకు చెప్పారు. ఆయన ఎముక ఇంకా అతకలేదు. బండి నడపొద్దు, కుడిచేయి ముందుకు చాచొద్దు అన్నారు. ఆ తర్వాత ఆయన్ను దవాఖానకు తీసుకుపోవాల్సిన రోజు అత్త కొంగు ముడి విప్పి తాళంచెవి నా చేతిలో పెట్టింది.

పోయేటప్పుడు టీ హోటల్ ఇంకా తెరవలేదు. వచ్చేటప్పుడు మాత్రం దోస్తులంతా ఉన్నారు. మలుపు కనబడగానే చెవి దగ్గర గొణిగాడు.

"జర ఆపు."

ఆపలేదు. ఈసారి బ్రేకు దాకా ఆయన చేయి రాదు. హోటల్ ముందు బండి ఇంకాస్త నెమ్మది చేసి హారన్ కొట్టాను. దోస్తులు నవ్వుతూ చేతులూపారు. తిరిగి ఊపాలంటే ఆయనకున్న ఒక్క చేయి నా భుజం మీదినుంచి తియ్యాలి. ఆయన తియ్యలేదు.