రెండో ప్రశ్నకు లావణ్య జవాబు

కరోనా తగ్గి తరగతులు మళ్ళీ మొదలైన ఏడాది నేను దోహాలోని ఒక విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ లైబ్రేరియన్‌ని. కొత్త విద్యార్థులకు ఇంటర్నెట్ నైపుణ్య పరీక్ష పెట్టడం నా పని. మొదటి ప్రశ్న: లైబ్రరీ డేటాబేస్‌లో ఒక వ్యాసం వెతికి, చెప్పిన ఫోల్డర్‌లో దాచి, అప్‌లోడ్ చేయాలి. రెండోది: ఉద్యోగాలు ఇప్పిస్తామనే మూడు వెబ్‌సైట్లలో నమ్మదగినది ఏదో, ఎందుకో రాయాలి. మొదటిది చేయనివారికి రెండోది తెరుచుకోదు. తప్పినవారు ఒక సెమిస్టర్ ప్రాథమిక కోర్సులో కూర్చోవాలి, అసలు చదువు అంత వెనక్కి పోతుంది. ఈ నిబంధన నేనే రాశాను. కాస్త గర్వం కూడా ఉండేది.

ల్యాప్‌టాప్‌లతో పెరిగిన, మదీనత్ ఖలీఫా లాంటి కలవారి పేటల పిల్లలు చకచకా ముగించి లేచారు. లావణ్య అనే అమ్మాయి మాత్రం వ్యాసం దొరికాక ఆగిపోయింది. వాళ్ళ నాన్నది జగిత్యాల వైపు ఊరు, ఇక్కడ దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక వర్క్‌షాప్‌కు ఫోర్‌మన్. కరోనాలో ఆమె బడి చదువంతా ఫోన్లోనే సాగింది. కంప్యూటర్లో ఫోల్డర్ ఎక్కడుంటుందో ఆమెకు తెలియదు. గడువు ముగిసింది, సున్నా వేశాను.

ఏడుస్తుందనుకున్నాను. వాదనకు దిగింది. “రెండోది ఏందో దోస్తులు చెప్పిన్రు, అది నాకొస్తది సార్. ఒక్కసారి సూడుండ్రి,” అంది. మార్కులు రావని ముందే చెప్పి, కుతూహలం ఆపుకోలేక రెండో ప్రశ్న తెరిచి పక్కన కూర్చున్నాను.

నా లెక్కలో సరైన జవాబు రెండో సైటు. చిరునామా ఉంది, లైసెన్సు నంబరు ఉంది, ఇంగ్లీషు శుభ్రంగా ఉంది. అందరూ అదే రాశారు. లావణ్య అందులోని ఫోన్ నంబరు తీసుకుని వెతికింది. అదే నంబరు మరో రెండు కంపెనీల పేర్ల కింద బయటపడింది. లైసెన్సు నంబరూ వెతికితే, అది ఇంకెవరిదో.

ఇదెక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగాను. “ఊర్ల ఎవ్వరికి దుబాయ్ జాబ్ అని మెసేజ్ వచ్చినా నాకే పంపుతరు సార్. నేను సూసి చెప్పినంకనే ఏజెంటుకు పాస్‌పోర్ట్ ఇస్తరు. ఒక్కసారి సూడక సరే అన్న. మా మామ వచ్చి నెలలకొద్దీ లేబర్ క్యాంపుల పని లేక కూసున్నడు.”

నాకు సిగ్గేసింది. ఆ సైటును నేను పైపైన చూసి సరైన జవాబుగా ఎంచుకున్నాను. మర్నాడు మా చీఫ్ లైబ్రేరియన్ దగ్గర తప్పు ఒప్పుకుని, ఆ ప్రశ్నకు అందరి మార్కులూ మళ్ళీ దిద్దాను. మొదటిది రాకపోయినా రెండోది తెరుచుకునేలా రెండు ప్రశ్నలనూ విడదీశాం. లావణ్య మొదటిది మళ్ళీ రాసి గట్టెక్కింది.

ఫైలు దాచడం ఆమెకు ఒక్క మధ్యాహ్నంలో నేర్పాను. ఆమె చేసినట్టు అనుమానించి చూడడం మిగతావారికి నేర్పడానికి సెమిస్టరంతా చాలలేదు. వాళ్ళకంటే ముందు నేను నేర్చుకోవాల్సి వచ్చింది.