టీచరమ్మ చన్నీళ్ల పరీక్ష

పోయిన ఆదివారం పొద్దున మా టీచరమ్మ కన్నుమూశారు. రెండు నెలలుగా ఆమె బడంగ్‌పేట్‌లో కూతురింట్లో ఉంటున్నారు. ఆ రోజు చాయ్ తాగి, పేపరు మడిచి పక్కన పెట్టి, కాసేపు నడుము వాలుస్తానని మంచమెక్కారట, మళ్లీ లేవలేదు. కూతురు ఫోన్ చేసి ఈ సంగతి చెబుతూ, "అక్కా, అమ్మ చాయ్ మొత్తం తాగే పోయింది" అంది. ఏడుపు మధ్యలోనే ఇద్దరికీ నవ్వొచ్చింది. సగం గ్లాసు వదిలేసి పోయే మనిషి కాదామె.

ఇబ్రహీంపట్నంలో ఆమె దగ్గర సైన్సు చదువుకున్నవాళ్లు చాలామంది మంచి ఉద్యోగాల్లో ఉన్నారు. నేను వాళ్లలో లేను. పదో తరగతిలో అత్తెసరు మార్కులతో గట్టెక్కి, కుట్టుపని నేర్చుకుని, ఆమె ఇంట్లోనే కింది గది అద్దెకు తీసుకుని టైలరింగ్ దుకాణం పెట్టుకున్నాను. రిటైరైన టీచరమ్మ పై అంతస్తులో, నేను కింద. బళ్లో తప్పించుకున్న సైన్సు ఆ మెట్ల మీదుగా దిగొచ్చి నన్ను పట్టుకుంది.

నా దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. చెప్పిన రోజుకు బ్లౌజు కాకపోతే ముందు చాయ్ పోయాలి, ఆ తర్వాతే సంగతి చెప్పాలి. చాయ్ తాగిన నోరు అంత త్వరగా తిట్టదు. పెళ్లిళ్ల కాలంలో రోజుకు పాతిక గ్లాసులు పోయాల్సి వచ్చేది. అందుకే ఒకసారి ఆటోలో మైకు పెట్టుకుని అమ్మకానికొచ్చిన ఒకతని దగ్గర సగం ధరకే రెండు కిలోల టీపొడి కొన్నాను. చిటికెడు వేస్తే చాలు, చాయ్ ఇటుక రంగులో దిగేది. నా తెలివికి నేనే మురిసిపోయి, టీచరమ్మకు ఒక గ్లాసు పైకి తీసుకెళ్లాను. ఆమె తాగలేదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని నా వైపు చూశారు.

"రంగు ఇంతుంది గాని, వాసన ఏదే?"

"సస్తాగ దొరికింది టీచర్. మస్తు చిక్కగ వస్తుంది."

"సస్తాగ దొరుకుడు తప్పు గాదు. ఆ పొడి జర తే, అడుగుదాం."

"ఎవర్ని అడుగుతం టీచర్? ఆటో ఆయన ఎప్పుడో పోయిండు."

"నీళ్లను అడుగుదాం."

గాజు గ్లాసులో కుండ నీళ్లు పోసి, పైన చిటికెడు పొడి చల్లారు. చౌక లంగా బట్ట మొదటి ఉతుకులో రంగు వదిలినట్టు ఎర్రటి చారలు వెంటనే కిందికి దిగాయి. తర్వాత నా దగ్గరి తెల్ల లైనింగ్ ముక్క తడిపి, దాని మీద పొడి పరిచి, కాసేపాగి దులిపారు. మరక నారింజ రంగులో నిలిచిపోయింది. పాత రేడియోలోంచి తీసి దాచుకున్న అయస్కాంతం పొడిలో తిప్పితే ఇనుప రజను మీసాల్లా లేచింది.

"ఒకపారి మరిగిన పిప్పిని ఎండబెట్టి రంగేసిన్రు. ఎవరో తాగిన చాయ్ మళ్ల తాగుతున్నవ్" అన్నారు.

కనీసం చెట్ల మొదట్లోనైనా పోస్తానన్నాను.

"చెట్టు నీకేం అన్యాయం జేసిందే?"

ఆ రోజు నుంచి మా గల్లీలో ఆడవాళ్లు ఒక చేతిలో బ్లౌజు గుడ్డ, ఇంకో చేతిలో టీపొడి పొట్లంతో రావడం మొదలైంది. టీచరమ్మకు మళ్లీ బడి తెరిచినంత సంబరం. "మంచి చాయ్‌పత్త గుడ నానితె రంగిస్తది. కాని తొందరపడదు. మొదటి నిమిషం చూడుండ్రి" అనేవారు. "నాలికె ఒర్రుతది, కడుపుకు నోరు లేదు. దాని బదులు మనమే అడగాలె" అనేవారు. ధర చూసి మార్కులు వేయలేదు. ఒకరి అల్లుడు తెచ్చిన బంగారు రంగు డబ్బాలో బూజు వాసన పట్టి "ఫెయిల్" అన్నారు. కూలికి పోయే ఒకామె కొంగున కట్టుకొచ్చిన దుమ్ము టీకి "ఫస్ట్ క్లాస్" ఇచ్చి, ఆమె వీపు చరిచారు, నిజంగా కొడుకు పాసైనట్టే. ఆ కూలామె సిగ్గుపడుతూ నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది.

ఇక అసలు సంగతి. మా ఊళ్లో వారానికోసారి జరిగే అంగడికి కందుకూరు వైపు నుంచి ఒకామె విడి టీపొడి మూట తెచ్చి అమ్మేది. దుకాణాల కంటే చాలా తక్కువ ధర. ఎండాకాలంలో ఒక అంగడి రోజు పొద్దున ఆమె దగ్గర పావుకిలో కొన్నాను. మధ్యాహ్నం నా దుకాణంలో అయిదారుగురు ఆడవాళ్ల ముందు పరీక్ష పెట్టాం. "నీళ్లు తేవే" అన్నారు టీచరమ్మ. కుండ అడుగంటింది. నేను నల్లా తిప్పి గ్లాసు నింపి బల్ల మీద పెట్టాను. పొడి వేయగానే రంగు దిగింది. "ఫెయిల్" అన్నారు టీచరమ్మ.

ఆ మాట నా కంటే ముందే అంగడికి చేరింది. సాయంత్రం కూరగాయలకు పోతే టీపొడి అమ్మే ఆమె ముందు కుప్ప పొద్దున ఉన్నట్టే ఉంది. నన్ను గుర్తుపట్టి, "ఏమైందక్కా, ఇయ్యాల ఒక్కరు గుడ ఆగుతలేరు?" అని అడిగింది. నీళ్లు నమిలి వచ్చేశాను. ఇంటికొచ్చి చేతులు కడుక్కుందామని నల్లా తిప్పాను. పొద్దు వాలినా నీళ్లు చురుక్కుమన్నాయి. పైన ట్యాంకు రోజంతా ఎండలో కాగింది కదా! వేడి నీళ్లలో రంగు దిగకపోతే దాన్ని టీపొడి అంటారా?

మెట్లెక్కి చెప్పేశాను. తిడితే బాగుండేది. ఆమె పక్కింటి కుండలోంచి నీళ్లు తెప్పించి మళ్లీ పొడి వేశారు. పొడి మెల్లగా అడుగుకు చేరింది, నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. బట్ట మీద మరక లేదు. అయస్కాంతానికి ఏమీ అంటలేదు.

"నీళ్లు తెచ్చింది నువ్వే. వేలు పెట్టి చూడంది నేను" అన్నారు టీచరమ్మ. "పేరు మాత్రం ఆమెది పోయింది."

"చెప్పింది మనమని ఆమెకు తెల్వది టీచర్."

"మనకు తెలుసు గదనే."

తర్వాతి అంగడికి గంజి పెట్టిన నూలు చీర కట్టుకుని బయల్దేరారు. పక్కకు పిలిచి మెల్లగా చెబుతారనుకున్నాను. ఆమె నేరుగా కుప్ప ముందు నిలబడి, పోయిన వారం జరిగిందంతా నలుగురూ వినేలా చెప్పారు. అమ్మే ఆమె ముఖం ఎర్రబడింది.

"మూటకు మూట మళ్ల ఇంటికి మోసుకపోయిన టీచరమ్మా. సదువుకున్నోళ్లు మీరు. ఒక్క మాటంటే ఊరంత ఇంటది."

"అవ్, నిజమే. అందుకే ఊరంత ఇనేటట్టు చెప్తందుకు వచ్చిన. జర జరుగు."

ఆమె పక్కనే గోనె పట్టా మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నారు టీచరమ్మ. ఒకప్పుడు మూడు సెక్షన్ల అల్లరిని ఒక్క కేకతో అణచిన ఆ గొంతు అంగడిలో లేచింది. "చాయ్‌పత్త! మంచి చాయ్‌పత్త! పోయిన వారం తప్పు చెప్పింది నేనే, రాండ్రి!" పాత శిష్యులు, ఇప్పుడు బట్టతలలూ బొజ్జలూ వచ్చినవాళ్లు, బండ్లు ఆపి చేతులు కట్టుకుని నిలబడ్డారు. "గుంపు గాదు, లైన్ల రాండ్రి" అన్నారామె. వచ్చారు. ఇంట్లో టీపొడి ఉన్నవాళ్లు కూడా కొన్నారు. అమ్మే ఆమె తూకం వేస్తూ వేస్తూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

మూట ఖాళీ అయ్యేసరికి టీచరమ్మ గొంతు బొంగురుపోయింది. ఇద్దరూ లేచి ఆ సంచిని చెరో కొస పట్టుకుని దులిపారు. లేచిన టీ ధూళికి టీచరమ్మకు తుమ్ములు పట్టుకున్నాయి. తుమ్ముకూ తుమ్ముకూ మధ్య ఆమె నవ్వుతూనే ఉన్నారు, చేతిలోని సంచి కొస మాత్రం వదల్లేదు.